సగటు ఎక్కువున్న పాచికే ఎక్కువసార్లు గెలుస్తుందా?
అలా రూలేం లేదు. కోఠిలో రెండు లూడో పాచికలు కొని, తెల్ల స్టిక్కర్లు అంటించి మీరే వేసి చూడండి. ఒకదాని ఆరు ముఖాల మీదా 3 రాయండి, రెండోదాని మీద రెండు వైపుల 6, మిగతా నాలుగు వైపుల 2. మొదటిదాని సగటు 3, రెండోదానిది 20ని 6తో భాగిస్తే దాదాపు 3.33. సగటు రెండోదానిదే ఎక్కువ, అయినా ఆరింట నాలుగుసార్లు 2 పడుతుంది కాబట్టి మూడుల పాచికే ఎక్కువసార్లు గెలుస్తుంది. 6 పడ్డా వచ్చేది ఒక్క గెలుపే కదా, ఎంత తేడాతో గెలిచారన్నది సగటులోకి వస్తుంది గానీ గెలుపు అవకాశంలోకి రాదు.

అదే పది రౌండ్ల పాయింట్లు కూడి చూసే ఆటైతే కథ తిరగబడుతుంది! పదిలో కనీసం మూడుసార్లు 6 పడితే చాలు, రెండోదే గెలుస్తుంది, ఆ అవకాశం దాదాపు 70 శాతం. అందుకే పాచిక ఎంచుకునేముందు గెలుపు దేన్నిబట్టో అడగండి.

ఈ రెండూ స్టాన్‌ఫర్డ్ గణాంక శాస్త్రవేత్త బ్రాడ్లీ ఎఫ్రాన్ తయారుచేసిన నాలుగు పాచికల సెట్‌లోవే. అందులో ప్రతిదీ తర్వాతిదాన్ని మూడింట రెండుసార్లు ఓడిస్తుంది, నాలుగోది మళ్లీ మొదటిదాన్ని!