సురక్ష క్లినిక్‌కు వెళ్తే ఏమి అడుగుతారు, ఏమి చేస్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్కారం. నా వయసు 27 సంవత్సరాలు. విజయవాడ ఆటోనగర్‌లో లారీలకు బాడీ కట్టే షెడ్డులో పని చేస్తున్నాను. 25 రోజుల క్రితం పరిచయం ఉన్న ఒకామెతో కండోమ్ లేకుండా కలిశాను. నాలుగో రోజు నుంచి మూత్రానికి వెళ్తే మంట, చీములాంటిది కారడం మొదలయ్యాయి. మెడికల్ షాపులో చెబితే అయిదు రోజులకు మాత్రలు ఇచ్చారు. మంట తగ్గింది గాని, పొద్దున లేవగానే జిగురుగా ఒక చుక్క ఇప్పటికీ కనిపిస్తోంది. ఇంకో పదకొండు వారాల్లో నా పెళ్లి. ప్రభుత్వాసుపత్రిలో సురక్ష క్లినిక్ ఉంటుంది, అక్కడికి వెళ్లమని మిత్రుడు అంటున్నాడు. మా వీధిలో ఉండే ఒకాయన ఆ ఆసుపత్రిలోనే పని చేస్తారు. అక్కడ ఏమి అడుగుతారో, ఏ పరీక్షలు చేస్తారో, ఇంట్లో తెలిసిపోతుందేమో అన్న భయంతో రెండుసార్లు గేటు దాకా వెళ్లి తిరిగి వచ్చేశాను. దయచేసి సలహా ఇవ్వగలరు.
– ఒక పాఠకుడు, విజయవాడ

సమాధానం: గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చినవాళ్లలో మీరు మొదటివారు కారు. సుఖవ్యాధుల విభాగంలో పని చేసే వైద్యుల దగ్గరకు వచ్చేవారిలో చాలామంది అలా ఒకటి రెండుసార్లు వెనుదిరిగిన తరువాతే లోపలికి అడుగు పెడతారు. అయితే మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఆ గేటు కాదు, పొద్దున కనిపిస్తున్న ఆ చుక్క. మంట తగ్గింది కాబట్టి జబ్బు కూడా తగ్గుముఖం పట్టిందని మీరు అనుకుంటూ ఉండవచ్చు. ఆ చుక్క ఉన్నంతకాలం మూత్రనాళంలో ఇన్‌ఫెక్షన్ ఇంకా ఉన్నట్టే భావించాలి.

కలిసిన నాలుగో రోజుకే చీము, మంట మొదలయ్యాయంటే ముందుగా అనుమానించవలసింది గనేరియా అనే సుఖవ్యాధిని. దానితోపాటు క్లమిడియా అనే మరో ఇన్‌ఫెక్షన్ కూడా చాలామందికి ఒకేసారి సోకుతుంది. అది నెమ్మదిగా, ఒకటి నుంచి మూడు వారాల్లో బయటపడుతుంది, చీము పల్చగా, జిగురుగా ఉంటుంది. మూత్రంలో మంట అని చెబితే మెడికల్ షాపులో చేతికి ఇచ్చే మాత్ర తరచుగా సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబానికి చెందినదై ఉంటుంది. మన దేశంలో గనేరియా క్రిములు ఆ మందుకు లొంగడం మానేసి చాలా ఏళ్లయింది. మీకు ఇచ్చిన మాత్ర ఏదో మీరు రాయలేదు. ఏదైనా సరే, సగం పని చేసే మందు లక్షణాలను అణచివేస్తుంది, పరీక్షలో క్రిమి దొరకకుండా చేస్తుంది, జబ్బును మాత్రం లోపలే ఉంచుతుంది. ఆ మాత్రల ఖాళీ స్ట్రిప్ ఇంట్లో ఎక్కడైనా ఉంటే పారేయకండి, దానితో పని ఉంది.

ఇక క్లినిక్ సంగతి. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ ఆధ్వర్యంలో దేశమంతటా నడిచే సుఖవ్యాధుల క్లినిక్‌లకు ‘సురక్ష’ అని పేరు. (ఈ వ్యాధుల్లో సుఖం ఎక్కడుందో ఆ మాట పుట్టించినవారికే తెలియాలి.) బోధనాసుపత్రులలో ఇవి సాధారణంగా చర్మవ్యాధుల విభాగానికి అనుబంధంగా ఉంటాయి. మీ వరకు అది మంచి సంగతే, ఎందుకంటే ఓపీ చీటీ రాసే కౌంటరు దగ్గర మీరు ‘చర్మవ్యాధులు’ అంటే సరిపోతుంది. మీ వెనుక వరుసలో నిలబడినవారికి మీరు తామరకు వచ్చారో, దురదకు వచ్చారో, మరెందుకు వచ్చారో తెలిసే అవకాశం లేదు. విభాగంలోకి వెళ్లాక అక్కడి నర్సుతోగాని, డాక్టరుతోగాని ‘సురక్ష క్లినిక్‌లో చూపించుకోవాలి’ అని చెప్పండి. కన్సల్టేషన్‌కు, పరీక్షలకు, మందులకు డబ్బు కట్టనక్కరలేదు.

విజయవాడలో సిద్ధార్థ వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వాసుపత్రికి వెళ్లడానికి మీ వీధి ఆయన అడ్డం అనిపిస్తే, గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సమగ్ర వైద్యశాలకు వెళ్లండి. ఫలానా ఊరివారు ఫలానా చోటికే వెళ్లాలన్న నియమం లేదు. తెలిసినవారు కనిపిస్తారేమోనని విజయవాడవారు గుంటూరుకు, గుంటూరువారు విజయవాడకు వెళ్లడం మామూలే. మంగళగిరి దగ్గర రెండు బస్సులూ ఎదురుపడినప్పుడు ఒకరినొకరు గుర్తుపట్టకపోవడం వారి అదృష్టం. అయితే ఒక్క విషయం ఆలోచించండి: వారం తరువాత మళ్లీ వెళ్లవలసి ఉంటుంది, కాబట్టి రెండోసారి కూడా వెళ్లగలిగిన చోటునే ఎంచుకోండి.

ఓపీ ఉదయం పూట నడుస్తుంది కాబట్టి పెందలాడే వెళ్లండి. వెళ్లే ముందు కనీసం ఒకటి రెండు గంటలపాటు మూత్రానికి వెళ్లకుండా ఉండగలిగితే మంచిది, ఎందుకంటే మూత్రం పోస్తే నాళంలో ఉన్న కొద్దిపాటి స్రావం కూడా కొట్టుకుపోయి పరీక్షకు ఏమీ మిగలదు. మీలా పొద్దున మాత్రమే చుక్క కనిపించేవారి విషయంలో ఇది మరీ ముఖ్యం.

మారు పేరు చెప్పవచ్చా అని చాలామంది ఆలోచిస్తారు. చెప్పేవారూ ఉన్నారు. కాని వారం తరువాత రిపోర్టు కోసం వచ్చి, లోపలి నుంచి పిలుస్తున్నది తననే అని గుర్తురాక బెంచీ మీద అలాగే కూర్చుండిపోయినవారు కూడా ఉన్నారు. సొంత పేరు, ఇంట్లోవారు ఎత్తని మీ సొంత ఫోన్ నంబరు ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. మీ వివరాలను గోప్యంగా ఉంచడం అక్కడి సిబ్బంది అందరి బాధ్యత. మీ వీధి ఆయన ఏ విభాగంలో పని చేస్తున్నా, ఆ గదిలోని రిజిస్టరు తెరిచి చూసే హక్కు ఆయనకు లేదు.

గదిలో మిమ్మల్ని అడిగే ప్రశ్నలు ముందే తెలిసి ఉంటే సగం బెరుకు తగ్గుతుంది. లక్షణాలు ఎప్పుడు మొదలయ్యాయి, చివరిసారి ఎప్పుడు కలిశారు, గడచిన కొద్ది నెలల్లో ఎంతమందితో కలిశారు, వారు స్త్రీలా, పురుషులా, ట్రాన్స్‌జెండర్లా, ఏ విధంగా కలిశారు, కండోమ్ వాడారా లేదా, ఇంతకుముందు ఇలాంటిది వచ్చిందా, ఏ మందులు వాడారు, ఏ మందైనా పడదా అని అడుగుతారు. నోటితోగాని, మలద్వారంలోగాని కలిశారా అన్న ప్రశ్న వినగానే చాలామంది తల దించుకుంటారు. ఆ ప్రశ్న వేసేది మీ నడతను తూచడానికి కాదు, గొంతులో, మలద్వారంలో కూడా ఇన్‌ఫెక్షన్ ఉంటుంది కాబట్టి ఎక్కడెక్కడ పరీక్షించాలో తెలుసుకోవడానికి. మందు పడకపోవడం గురించిన ప్రశ్నకు మాత్రం బాగా గుర్తు తెచ్చుకొని జవాబివ్వండి. పెన్సిలిన్ ఇంజెక్షన్‌కు చిన్నప్పుడు ఒళ్లంతా దద్దుర్లు వచ్చాయని అమ్మ చెప్పిన మాట అయినా సరే, చెప్పి తీరాలి. మీ స్ట్రిప్ అవసరమయ్యేది ఇక్కడే. ‘తెల్ల మాత్ర, పొద్దునొకటి రాత్రొకటి’ అంటే డాక్టరుకు ఏమీ తెలియదు, స్ట్రిప్ వెనుక ఉన్న పేరు చూస్తే అంతా తెలుస్తుంది.

ఆ తరువాత తెర వెనుక బల్ల దగ్గర పరీక్ష చేస్తారు. గజ్జల్లో బిళ్లలు కట్టాయా అని వేళ్లతో నొక్కి చూస్తారు. వృషణాలలో వాపు, నొప్పి ఉన్నాయేమో చూస్తారు. ముందు చర్మాన్ని వెనక్కి జరపమని మీతోనే చెప్పి పుండ్లు, కురుపులు, పులిపిర్లు ఉన్నాయేమో గమనిస్తారు. స్రావం పైకి కనిపించకపోతే మూత్రనాళాన్ని కింది నుంచి పైకి మెల్లగా ఒత్తుతారు. వచ్చిన చుక్కను గాజు పలక మీద పూసి రంగు వేసి మైక్రోస్కోపు కింద చూస్తారు. గనేరియా క్రిములైతే చీము కణాల లోపల జంట గింజల్లా కనిపిస్తాయి. స్రావం అందకపోతే అగ్గిపుల్ల కంటే సన్నని దూది పుల్లను కొద్దిగా మాత్రమే లోపలికి పెట్టి తీస్తారు. ఒక్క క్షణం చురుక్కుమంటుంది, మళ్లీ మూత్రానికి వెళ్లినప్పుడు కొంచెం మండుతుంది, అంతే. మొత్తం పరీక్ష కొద్ది నిమిషాల్లో ముగుస్తుంది.

రక్తపరీక్షలలో సిఫిలిస్, హెచ్ఐవి ముఖ్యమైనవి, హెపటైటిస్ బి, సి పరీక్షలు కూడా అడగండి. హెచ్ఐవి పరీక్షకు ఐసీటీసీ అనే సలహా, పరీక్షా కేంద్రానికి పంపుతారు. అక్కడ ముందుగా కౌన్సెలర్ మీతో విడిగా మాట్లాడతారు, మీరు ఒప్పుకుంటేనే రక్తం తీస్తారు. మీ అంగీకారం లేకుండా ఈ పరీక్ష చేయడానికి వీల్లేదని, ఫలితాన్ని మీ అనుమతి లేకుండా ఇతరులకు చెప్పకూడదని 2017లో వచ్చిన హెచ్ఐవి, ఎయిడ్స్ చట్టం నిర్దేశించింది. ఈ చట్టం 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉంది. జీవిత భాగస్వామికి ప్రమాదం ఉండి, ఎంత నచ్చజెప్పినా రోగి ఆ విషయం చెప్పనప్పుడు, ముందుగా రోగికి తెలియజేసి ఆ భాగస్వామికి చెప్పే వెసులుబాటు మాత్రం వైద్యునికి, కౌన్సెలరుకు కొన్ని షరతులతో ఉంది. మీ అమ్మగారికో, అన్నగారికో, మీరు పని చేసే షెడ్డు యజమానికో చెప్పే వెసులుబాటు ఎవరికీ లేదు. మొదటి పరీక్షలో పాజిటివ్ సూచన వచ్చినా దానితోనే నిర్ధారించరు, వేర్వేరు కిట్లతో మళ్లీ పరీక్షించాకే చెబుతారు.

పరీక్షల ఫలితాలన్నీ వచ్చేదాకా మందు ఇవ్వకుండా ఆగరు. లక్షణాలను బట్టి అదే రోజు చికిత్స మొదలుపెట్టడం ఈ క్లినిక్‌ల పద్ధతి. మందులు రంగు రంగుల ప్యాకెట్లలో ఉంటాయి, ఒక్కో లక్షణ సముదాయానికి ఒక్కో రంగు. మూత్రనాళం నుంచి స్రావం ఉన్నవారికి ఇచ్చే బూడిద రంగు ప్యాకెట్‌లో అజిత్రోమైసిన్, సెఫిక్సిమ్ అనే మందులు ఉంటాయి. సాధారణంగా వీటిని అక్కడికక్కడే సిబ్బంది ఎదుట ఒకేసారి వేసుకోమంటారు. ఈ పేర్లు చదివి షాపులో కొనుక్కుందామని మాత్రం అనుకోకండి. ముందే మాత్రలు వాడిన మీకు ఇదే సరిపోతుందో, వేరే మందు కావాలో మిమ్మల్ని పరీక్షించిన డాక్టరే నిర్ణయించాలి. వారం తరువాత తప్పకుండా మళ్లీ కనిపించండి. ఈ లోపల ఎవరితోనూ శారీరకంగా కలవకూడదు. వృషణం వాచి నొప్పి చేసినా, జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చినా, మూత్రం బిగిసినా వారం ఆగకుండా అదే రోజు వెళ్లాలి.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యం తరువాత కనిపించకుండా పోయిన ఆమె గురించి కూడా చెప్పాలి. క్లినిక్‌లో మీ భాగస్వామికి ఇవ్వమని ఒక చీటీ ఇస్తారు. దాన్ని జేబులో పెట్టుకొని మరచిపోవద్దు. ఈ ఇన్‌ఫెక్షన్లు ఉన్న స్త్రీలలో చాలామందికి ఏ లక్షణమూ ఉండదు, కాని అది లోలోపల గర్భసంచికి, ఫాలోపియన్ నాళాలకు పాకి పిల్లలు పుట్టకుండా చేయగలదు. ఫోనులోనైనా సరే ఆమెకు చెప్పి, ఆమె కూడా చూపించుకునేలా చేయడం మీ బాధ్యత. స్త్రీలకు ఈ సేవలు సురక్ష క్లినిక్‌తోపాటు ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగంలోనూ అందుతాయి. లోపలి పరీక్ష అవసరమైతే చేసేటప్పుడు మహిళా సిబ్బంది పక్కన ఉండాలని అడిగే హక్కు వారికి ఉంది.

పోనీ ఎవరికీ తెలియకుండా ప్రైవేటుగా అనుకుంటే చర్మ, సుఖవ్యాధుల నిపుణుల దగ్గరకు నిరభ్యంతరంగా వెళ్లవచ్చు. బస్టాండు చుట్టుపక్కల గోడల మీద ‘గుప్త రోగాలు, నరాల బలహీనత, ధాతు నష్టం’ అని పోస్టర్లు అంటించి, ఫలానా తారీఖున ఫలానా లాడ్జీలో దొరుకుతామని చెప్పేవారి దగ్గరకు మాత్రం వెళ్లవద్దు. మీ చుక్కను వారు ధాతువు పోవడం అంటారు. అది వీర్యం కాదు, చీము. వేల రూపాయలు పోసి కొన్న లేహ్యంతో అది పోదు, మూత్రనాళం మచ్చకట్టి సన్నబడితే ఆ తరువాతి వైద్యం మరింత కష్టం.

ఇక పెళ్లి విషయం. గనేరియా, క్లమిడియా సరైన మందులతో పూర్తిగా నయమవుతాయి కాబట్టి వాటి కోసం ముహూర్తం మార్చుకోనక్కరలేదు. హెచ్ఐవి సంగతి వేరు. ప్రమాదం జరిగిన 72 గంటలలోపు మొదలుపెట్టి 28 రోజులు వాడితే రక్షణ ఇచ్చే మందులు ఉన్నాయి గాని, మీ విషయంలో ఆ సమయం దాటిపోయింది. ఇప్పుడు చేయించే పరీక్షలో నెగెటివ్ వచ్చినా, కలిసిన రోజు నుంచి మూడు నెలలు నిండాక మరోసారి చేయించుకోవాలి, అప్పుడు సిఫిలిస్ పరీక్ష కూడా మళ్లీ చేయించండి. మీరు చెప్పిన లెక్క ప్రకారం ఆ మూడు నెలలు పెళ్లికి పది పన్నెండు రోజుల ముందు నిండుతాయి. శుభలేఖలు పంచే హడావిడిలో ఆ తేదీ జారిపోకుండా ఇప్పుడే ఫోనులో పెట్టుకోండి. ఆ ఫలితం ఎలా వచ్చినా అమ్మాయితో ఏమి చెప్పాలో, ఎలా చెప్పాలో కౌన్సెలర్ మీతో కూర్చొని మాట్లాడతారు. అంతకుముందే ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే 1097కు ఫోన్ చేయండి, దానికి ఖర్చు లేదు, పేరు చెప్పనక్కరలేదు. హెపటైటిస్ బి టీకా ఇంతవరకు వేయించుకోకపోతే మొదటి డోసు ఎప్పుడు తీసుకోవాలో కూడా అదే రోజు అడగండి. ఆరు నెలల్లో మూడు డోసులు.

షెడ్డుకు ఒక్క పూట సెలవు పెట్టి, పొద్దున మూత్రానికి వెళ్లకుండా, ఆ ఖాళీ స్ట్రిప్ జేబులో వేసుకొని బయలుదేరండి. కౌంటరు దగ్గర చెప్పవలసింది ఒక్క మాట: ‘చర్మవ్యాధులు’.