చంద్రిక చేతిలో ఆ కత్తి ఎందుకు?

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దానితో పాటు పంపిన, మీరు తయారుచేస్తున్న వీడియో గేములోని చంద్రిక పాత్ర వివరాలూ చదివాను. పూర్వకథ చాలా బాగా వచ్చింది. తగలబడిన వైద్యశాల, గురువు మరణం, ఇక మీద ఎవరి ప్రాణమూ తీయనని ఆమె చేసిన ప్రమాణం కళ్లకు కట్టినట్టు రాశావు. ఆ తర్వాత మీ డిజైనర్ తయారుచేసిన పట్టిక తెరిచాను. చంద్రిక బలం 16. చేతిలో పొడవాటి కత్తి. జట్టులోని నలుగురిలో అందరికంటే గట్టిగా దెబ్బ తీసేది ఆమే. ఈ రెండు కాగితాలూ ఒకే మనిషి గురించి చెప్పడం లేదు. నీకు నేను రాయాలనుకున్నదంతా వాటి మధ్య ఉన్న ఆ ఎడం గురించే.

మాటలు కోటలు దాటినా చేతలు గడప దాటవని కొందరి గురించి అంటుంటాం కదా. ఫాంటసీ రోల్ ప్లేయింగ్ గేముల్లో, అంటే ఆడేవాళ్లు కల్పిత లోకంలో పాత్రలను నడిపే ఆటల్లో, పాత్రకు చేతలంటే నియమాలే. ఎవరిని కొట్టగలదు, ఎవరిని కొట్టనంటుంది, ఏ మంత్రానికి ఎంత శక్తి ఖర్చవుతుంది, ఏ పని చూస్తే జట్టు వదిలి వెళ్లిపోతుంది, ఇవన్నీ ఆమె చేతలు. ఆడేవాళ్లు ప్రమాణం గురించి ఒక్కసారి వింటారు. ఆమె కత్తి దూయడం మాత్రం ఆట పొడవునా చూస్తూనే ఉంటారు. మాటకూ నియమానికీ పొత్తు కుదరని ప్రతిచోటా వాళ్లు నియమాన్నే నమ్ముతారు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. ఏది ఖర్చవుతుందో, ఏది చేతికొస్తుందో, ఏది పోతే మళ్లీ రాదో అదే నిజమని ఇదివరకు ఆడిన ఆటలన్నీ వాళ్లకు నేర్పాయి.

1974లో బల్ల చుట్టూ కూర్చుని పాచికలతో ఆడే డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చినప్పుడే మనిషిని ఆరు అంకెల్లో చెప్పే పద్ధతి స్థిరపడింది. బలం, చురుకుదనం, దేహదారుఢ్యం, తెలివి, వివేకం, ఆకర్షణ. సాహిత్యం నుంచి ఇటు వచ్చిన రచయితలు చాలామంది ఈ అంకెలను చూడగానే ముఖం తిప్పుకుంటారు. అవి లెక్కలవాళ్ల పని అనుకుంటారు. నువ్వు అలా అనుకోకు. తెలివి 17, వివేకం 8 అని ఎక్కడైనా కనిపిస్తే కాసేపు ఆగి చూడు. అన్నీ చదువుకుని, ఎప్పుడు నోరు మూసుకోవాలో మాత్రం నేర్చుకోని మనిషి అక్కడ నిలబడి ఉంటాడు.

పాత ఆటల్లో ఒకదాన్ని ఉదాహరణగా చూడు. 1985లో వచ్చిన అల్టిమా 4లో మంత్రాలకు కావలసిన మూలికలు అమ్మే ఒక స్త్రీ ఉంటుంది. ఆమెకు చూపు లేదు. ఎన్ని నాణేలు ఇస్తున్నామో మనమే టైపు చేయాలి. తక్కువ ఇచ్చినా ఆమె పట్టుకోలేదు, కాపలావాళ్లు రారు, ఎవరూ మందలించరు. ఆట మాత్రం లోపల గుర్తుపెట్టుకుంటుంది. ఎనిమిది సుగుణాలను సాధించడమే ఆ ఆట లక్ష్యం. నిజాయితీ లెక్క అక్కడ చప్పుడు లేకుండా తగ్గిపోతుంది. ఆ మూలికల స్త్రీకి పూర్వకథ అంటూ ఏమీ లేదు. అయినా ఆమెను మోసగించినవాళ్లు ఆమెను మరచిపోరు. డబ్బు లెక్క అడిగే ఒక చిన్న గడితోనే అంత పని జరిగింది.

1999లో వచ్చిన ప్లేన్‌స్కేప్ టార్మెంట్ ఇంకా లోతుకు వెళ్లింది. అందులో డాక్కాన్ అనే సహచరుడి దగ్గర వలయాల ఆకారంలో ఉన్న ఒక గ్రంథం ఉంటుంది. దాని పొరలను ఒక్కొక్కటిగా విప్పుతూ అతనితో కూర్చుని చర్చించాలి. అతను చెప్పిన పాఠాన్ని అర్థం చేసుకుంటేనే కొత్త మంత్రాలు వస్తాయి. అర్థం చేసుకోవడానికి మన పాత్రకు తగినంత వివేకం ఉండాలి. అతని ఆయుధం అతని మనసును బట్టి రూపం మార్చుకుంటుంది, కాబట్టి అతని విశ్వాసంలో ఉన్న పగులు ఆ కత్తిలోనూ ఉంటుంది. స్నేహం, మతం, అనుమానం, మంత్రవిద్య, ఆయుధం, అన్నీ ఒకే ముడిలో ఉన్నాయి. ఏ పోగు లాగినా మిగతావి కదులుతాయి. సహచర పాత్ర రాయడమంటే ఏమిటని ఎవరు అడిగినా నేను ముందు డాక్కాన్‌నే చూపిస్తాను.

ఈ మధ్య వచ్చినవాటిలో, 2023 నాటి బాల్డర్స్ గేట్ 3లో గేల్ అనే మాంత్రికుడు ఉన్నాడు. జట్టులో చేరిన కొంతకాలానికి మొహమాటపడుతూనే ఒక మాయావస్తువు అడుగుతాడు. ఇస్తే అతని లోపలి జబ్బు దాన్ని మింగేస్తుంది. అది మళ్లీ మన సంచిలోకి రాదు. ఆట మొదట్లో అలాంటి వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయి. ఉంగరం ఇవ్వాలా, చెప్పులు ఇవ్వాలా, అసలు ఇవ్వాలా వద్దా అని ఆడేవాళ్లు సంచి తెరిచి ఆలోచిస్తారు. ఆ సంచి ముందు గడిపిన కాసేపట్లోనే గేల్ వాళ్లకు దగ్గరవుతాడు, లేదా బరువవుతాడు. రచయిత ఎంత గొప్ప సంభాషణ రాసినా ఆ పని జరగదు.

పోగొట్టుకోవడం కూడా ఇలాగే పనిచేస్తుంది. 1997లో వచ్చిన ఫైనల్ ఫాంటసీ 7లో ఏరిత్ అనే సహచరి చనిపోయినప్పుడు ఆమె సంపాదించుకున్న లెవెళ్లు, జట్టును కాపాడే ఆమె ప్రత్యేక శక్తులు ఆమెతోనే పోతాయి. ఓపికగా ఆమెను పెంచినవాళ్లకు కథలో ఎంత లోటు కలిగిందో పోరాటంలోనూ అంతే లోటు. సంగీతం, బొమ్మలు దుఃఖాన్ని తెచ్చాయి, నిజమే. కానీ ఆ దుఃఖం నిలిచింది మాత్రం ఆమె స్థానంలో ఎవరిని పెట్టుకోవాలో తెలియక తికమకపడ్డ తర్వాతి గంటల్లో.

ఇక చంద్రిక దగ్గరకు వద్దాం.

కత్తి తీసేసి కర్ర ఇవ్వమని చెప్పను. అలా చేస్తే ప్రతి ఆటలోనూ ఉండే వైద్యురాళ్లలో ఆమె ఇంకొకతె అవుతుంది. ఆమె ప్రమాణాన్ని నియమంగా మార్చు. ఉదాహరణకు, పోరాటంలో ఎవరైనా నేలకొరిగి ప్రాణంతో ఉంటే, తన వంతు రాగానే చంద్రిక ముందు వాళ్లకే వైద్యం చేస్తుంది. శత్రువైనా సరే. ఆడేవాళ్లు ఆపడానికి వీల్లేదు. ఆమెకు రోజుకు నాలుగే వైద్య మంత్రాలు ఉన్నాయనుకో, అందులో ఒకటి ఎదుటి పక్షం వాడికి పోతుంది. మొదటిసారి ఇది జరిగినప్పుడు ఆడేవాళ్లకు ఒళ్లు మండుతుంది. మండనీ. రెండోసారికి వాళ్లు ఆమెను లెక్కలోకి తీసుకుని పోరాడతారు. కొందరు శత్రువులను ఆమెకు దూరంగా లాగుతారు. కొందరు చంపకుండా లొంగదీసే దారి వెతుకుతారు. ఇంకొందరు ఆమె వంతు రాకముందే పడినవాడి పీక కోస్తారు. ఈ చివరివాళ్లను గమనించు. ఆమె కళ్లముందే, ఆమె చేయి అందేలోపే వాళ్లు ఆ పని చేశారు. నీ సన్నివేశం అక్కడ ఉంది. దాన్ని పుట్టించింది నియమం, మాట అందించాల్సింది నువ్వు.

ఆ మాట ఎలా ఉండాలో చూడు. నీ ప్రతిలో ఆమె గాయపడిన శత్రువు దగ్గరకు వెళ్తూ "ప్రాణం ఎవరిదైనా ప్రాణమే. నా గురువు కన్నుమూసిన రాత్రి నేనొక ప్రమాణం చేశాను" అంటూ ఆరు వాక్యాలు చెబుతుంది. నియమం ఉన్నప్పుడు "ఊపిరి ఉంది. జరుగు" అంటే చాలు. ఆడేవాళ్లు పీక కోసిన రోజు ఆమె పోరాటంలో ఏమీ అనదు. రాత్రి విడిదిలో నిప్పు దగ్గర అంటుంది: "వాడి పేరు అడిగాను. చెప్పేలోపే నీ కత్తి దిగింది." ప్రమాణం సంగతి అప్పటికీ చెప్పించకు. వాళ్లే వచ్చి ఎందుకిలా చేస్తున్నావని అడగనీ. అడిగాక చెప్పిన పూర్వకథను జనం చెవులు రిక్కించి వింటారు. అడగకముందు చెబితే దాటవేసే బటన్ మీద వేలు పెడతారు.

కత్తిని ఆయుధం గడిలో అలాగే ఉంచు. ఆ గడికి తాళం వెయ్యి. తీయడానికి వీల్లేదు, వాడటానికీ వీల్లేదు. అంత మంచి కత్తి ఊరికే మోస్తోందేమిటని ఎవరైనా ఆమెను అడిగి తీరతారు. దానికి జవాబు నీ పూర్వకథలో ఇప్పటికే ఉంది.

ఒక జాగ్రత్త. ఇలాంటి నియమాన్ని దాచిపెట్టకు. చంద్రిక జట్టులో చేరేటప్పుడే ఆమె వివరాల పేజీలో తేటగా రాసి ఉండాలి. ముందే తెలిస్తే అది ఆమె మొండితనం అవుతుంది. తెలియకుండా మీద పడితే ఆట చెడిపోయిందనుకుంటారు, తిట్లు మీ ప్రోగ్రామర్‌కు పడతాయి. ఆడేవాళ్ల చేతిలోంచి పగ్గాలు లాక్కోవడం పెద్ద పని. ఒక్కో పాత్రకు ఒక్క చోట మాత్రమే ఆ పని చెయ్యి.

పోరాటంలో, నడకలో పాత్రలు అనే పొట్టి మాటల గురించి అడిగావు. అక్కడ చమత్కారం తగ్గించు. ఒకే మాటను ఆడేవాళ్లు వందలసార్లు వింటారు. 2011లో వచ్చిన స్కైరిమ్‌లో మోకాలికి బాణం తగిలి సాహసాలు మానేశానని కాపలావాళ్లు చెప్పే మాట మొదటిసారి చక్కగానే ఉంటుంది. ఊరూరా ప్రతి కాపలావాడూ అదే అనేసరికి లోకమంతా దాన్ని పరిహాసానికి వాడుకుంది. పొడిగా, పనికొచ్చేలా రాసిన మాట నూరోసారి కూడా ఇబ్బంది పెట్టదు. కథకు కీలకమైన సంగతులను నడకలో చెప్పించకు. ఎవరో మీద పడతారు, పోరాటం మొదలవుతుంది, మాట సగంలో తెగిపోతుంది.

సహచరుల అభిమానాన్ని అంకెలో చూపించే పద్ధతి గురించి నాకు గట్టి అభిప్రాయమే ఉంది. డ్రాగన్ ఏజ్ ఆరిజిన్స్, 2009 నాటిది, నాకు ఎంతో ఇష్టమైన ఆట. కానీ అందులో సహచరులకు బహుమతులిస్తే అభిమానం పెరుగుతుంది. వాళ్లు అసహ్యించుకునే పని చేసి, వెంటనే నచ్చిన వస్తువొకటి చేతిలో పెడితే లెక్క సరిపోతుంది. అంత బాగా రాసిన మనుషులు ఆ క్షణంలో దుకాణాలైపోతారు. రెండేళ్ల తర్వాత వచ్చిన రెండో భాగంలో స్నేహం ఒక వైపు, స్పర్ధ ఇంకో వైపు పెట్టారు. మనతో ఎప్పుడూ విభేదించే సహచరుడు కూడా దగ్గరివాడే, అతనితో ఆ తగవుకూ ఒక గమ్యం ఉంటుంది. ఇది చాలా గొప్ప ఆలోచన. దీన్ని ఇంకా ఎక్కువమంది ఎందుకు అందుకోలేదో నాకు అర్థం కాదు. మీ ఆటలో అంకె తప్పనిసరి అయితే, కనీసం కొన్ని పనులకు ఆ అంకెతో సంబంధం లేకుండా చెయ్యి. చంద్రికకు ఎంత అభిమానం ఉన్నా ఆమె క్షమించని పని ఒకటి ఉండాలి.

ఒక పని కుదురుతుందో లేదో తేల్చే పాచికలు ఓడినప్పుడు ఏం జరుగుతుందో గెలిచినప్పటికంటే శ్రద్ధగా రాయి. 2019 నాటి డిస్కో ఎలీజియం పూర్తి ఫాంటసీ కాదు కానీ ఈ విషయంలో నీకు అదే పాఠ్యపుస్తకం. ఆట మొదట్లో నాయకుడు తిరుగుతున్న ఫ్యానుకు వేలాడుతున్న తన టై లాగబోతాడు. ఒంట్లో సత్తువ లేని నాయకుణ్ని ఎంచుకుని ఉంటే అక్కడికక్కడే గుండె ఆగి ఆట ముగిసిపోవచ్చు. అది ఓటమే, కానీ ఆ మనిషి ఏ స్థితిలో ఉన్నాడో దానికంటే బాగా ఎవరు చెప్పగలరు? "నువ్వు విఫలమయ్యావు" అని మాత్రమే రాసి వదిలేస్తే ఆడేవాళ్లు ముందు దాచుకున్న చోటికి, అంటే పాత సేవ్‌కు వెళ్లి మళ్లీ పాచికలు వేస్తారు. ఓటమిలో వేరే చోట దొరకని మాట ఒకటి ఉంటే, దానితోనే ముందుకు పోతారు.

నవల రాసి వచ్చినవాళ్లకు అన్నిటికంటే కష్టమైనది వరుస లేకపోవడం. నువ్వు రాసిన మూడో సన్నివేశం కొందరికి మొదట వస్తుంది. గురువు హంతకుణ్ని చంద్రిక కలవకముందే ఆడేవాళ్లు చంపేసి ఉండవచ్చు. ప్రతి సన్నివేశం పైన మూడు సంగతులు రాసుకో: ఎవరు బతికున్నారు, ఎవరికి ఏం తెలుసు, ఎవరు అక్కడ ఉన్నారు. ఒక్కోదానికి ఒక వేరియబుల్, అంటే ఆట గుర్తుపెట్టుకునే ఒక గడి. అవి ఎన్ని పెంచితే అన్ని కొత్త కొమ్మలు రాయాలి, అన్నీ రికార్డు చేయాలి, అన్నీ పరీక్షించాలి. అందుకే పిసినారిలా వాడు. రాసింది ఇంక్ (Ink) లో గానీ ట్వైన్ (Twine) లో గానీ, అంటే కొమ్మలుగా చీలే కథలు రాసే సాధనాల్లో ఎక్కించి చూస్తే ఏ కొమ్మ ఎండిపోయిందో వెంటనే తెలుస్తుంది. రెండూ ఉచితంగానే దొరుకుతాయి.

మీ డిజైనర్‌తో విడిగా పనిచేయడం ఈ వారంతో ఆపెయ్యి. ఆయన పట్టిక తయారయ్యాక నువ్వు మాటలు నింపడం, లేదా నీ కథ అయ్యాక ఆయన అంకెలు వేయడం, రెండూ చేటే. ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుని, ఈమె ఏం చేయనంటుంది, దానికి ఆడేవాళ్లు ఏం చెల్లిస్తారు అన్న రెండు ప్రశ్నలతో మొదలుపెట్టండి. ఆయన ఒప్పుకోకపోతే ఒక్క పోరాటాన్ని కాగితం మీద ఆడి చూపించు. అంకెలతో పనిచేసేవాళ్లు వాదనకు లొంగకపోయినా ఆడి చూపిస్తే ఇట్టే పట్టుకుంటారు.

అది తయారయ్యాక, మీ జట్టుతో సంబంధం లేని ఒకరిని కూర్చోబెట్టి ఆడించు. వెనక నిలబడి చూడు. ఏమీ వివరించకు, ఎంత నోరు దురదపెట్టినా సరే. ఎక్కడ దాటవేసే బటన్ నొక్కారో, ఎక్కడ చంద్రిక మీద విసుక్కున్నారో, విసుక్కుని కూడా ఎక్కడ ఆమెను జట్టులోనే ఉంచుకున్నారో రాసుకో. ఆ కాగితం నాకు పంపు, సంభాషణల కంటే ముందు.

ఆశీస్సులతో.