ఎనిమిది ఎక్కడ పెట్టాలి?

బరంపురం

తమ్ముడూ,

నువ్వు పంపిన పద్నాలుగు పేజీలూ చదివాను. వచ్చే ఆదివారం మనం ఆడబోయే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటకి నీ క్యారెక్టర్ ఇతనే అన్నావు కాబట్టి రెండుసార్లు చదివాను. కథలు రాసేవాడిగా ఒకసారి, డీఎం కుర్చీలో, అంటే ఆట నడిపేవాడి కుర్చీలో, కూర్చోబోయేవాడిగా ఇంకోసారి. మొదటిసారి బాగానే ఉందనిపించింది. రెండోసారి మాత్రం, ఇతనొస్తే ఇక నాకు పనేముంది అనిపించింది. పగ తీర్చేసుకున్నాడు, గురువుని మించిపోయాడు, ప్రేమించిన పిల్లని పోగొట్టుకుని ఏడ్చి తేరుకున్నాడు కూడా. ఇంత చూసినవాడు ఫస్ట్ లెవెల్లో, నడుముకి చిన్న కత్తి దోపుకుని, ఎవరి నేలమాళిగలోనో ఎలకలు కొట్టడానికి ఎందుకొస్తాడు?

చివర్లో ఒక ప్రశ్న అడిగావు: "అన్నా, ఎనిమిది ఎక్కడ పెడితే నష్టం తక్కువ?" మొత్తం కట్టలో నాకు బాగా నచ్చింది ఆ ఒక్క లైనే.

లెక్క ముందు తేల్చేద్దాం. పంచుకోవడానికి నీకున్నవి 15, 14, 13, 12, 10, 8. క్యారెక్టర్ షీట్‌లో గడులు ఆరు: స్ట్రెంగ్త్, డెక్స్టెరిటీ (చేతి చురుకు), కాన్‌స్టిట్యూషన్ (ఒంటి ఓర్పు), ఇంటెలిజెన్స్, విజ్‌డమ్, కరిజ్మా (ఆకట్టుకునే గుణం). పని కుదిరిందా లేదా అని డైస్ వేసినప్పుడు, 10 దగ్గర కలిపేదీ లేదు, తీసేదీ లేదు. 15కి డైస్ మీద రెండు కలుస్తాయి, 8కి ఒకటి పోతుంది. ఇరవై ముఖాల డైస్‌లో ఒక అంకె అంటే నూటికి అయిదు. పదికీ ఎనిమిదికీ ఉన్న తేడా అంతే, ఇరవైసార్లు వేస్తే ఒకసారి తగులుతుంది. దీనికా నీకంత టెన్షన్? 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ డంజన్స్ అండ్ డ్రాగన్స్‌ని బయటికి తెచ్చినప్పుడు పంచుకోవడమే లేదు. మూడు డైస్ వేసి, ఎంత పడితే అంత వరసగా రాసుకోవాల్సిందే. 5 పడ్డవాళ్లు కూడా ఆడారు.

అందుకని నష్టం ఎక్కడ తక్కువ అని వెతక్కు. నీ 15 ఎక్కణ్ణుంచి వచ్చిందో చూడు. 8 కూడా ఆ చుట్టుపక్కలే దొరుకుతుంది.

మీ పర్లాకిమిడి మనిషినే తీసుకో. గిడుగు రామమూర్తి గారు 1880లో అక్కడ మాస్టారుగా చేరారు. సవర భాష మీద మనసుపడి, దానికోసం కొండల్లో, అడవుల్లో తిరిగారు. మలేరియా పట్టుకుంది. దానికి మింగిన క్వినైన్‌తో చెవుడు వచ్చింది. లిపి లేని భాషని చెవులతో పట్టుకున్న మనిషికి చెవులే పోయాయి. ఆయన కట్టిన సవర నిఘంటువు 1938లో అచ్చయింది. ఇదే నేను కథలో కల్పించి రాసి పంపిస్తే "మరీ అతికినట్టు కుదిర్చారండీ" అని ఎడిటర్ తిప్పి పంపేవాడు. ఆయన సాధించిందీ పోగొట్టుకున్నదీ ఒకే దారిలో ఉన్నాయి చూడు.

ఇప్పుడు నీ రోగ్ దగ్గరికి రా, అదే, తాళాలు తీసే నీ దొంగ క్యారెక్టర్ దగ్గరికి. "పుట్టుకతోనే అతని వేళ్లలో మాయ ఉంది" అని రాశావు. ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత పెట్టాను. మెచ్చుకుని కాదు.

మీ ఊళ్లో కొమ్ము పని చేసేవాళ్ల దగ్గర ఎప్పుడైనా కాసేపు కూర్చున్నావా? నేను ఒక్కసారి చూశాను, చాలా ఏళ్ల కిందట. కొమ్ముకి సెగ చూపిస్తే మెత్తబడుతుంది, ఆ కాసేపట్లోనే వంచేసుకోవాలి. ఆ తర్వాతంతా ఆకురాయి పని. రాస్తూ ఉంటే జుట్టు కాలిన వాసన వస్తుంది, పొడి మోచేతుల దాకా పేరుకుంటుంది. ఆయన కొంగ మెడ తీరుస్తున్నాడు. ఎదురుగా నిలబడి రెండుసార్లు దగ్గాను. తల ఎత్తలేదు. మెడ వంపు తిరిగాక, ఊది, వెలుతురుకి పెట్టి చూసుకుని, అప్పుడు నన్ను చూసి "ఎప్పుడొచ్చారు బాబూ?" అన్నాడు.

అదిగో నీ రోగ్. ఆ వేళ్లకి డెక్స్టెరిటీ 15 ఎవరూ కాదనరు, తాళం అతని చేతిలో దానంతటదే ఊడుతుంది. మరి ఎనిమిది? విజ్‌డమ్‌లో పెట్టు. చుట్టూ ఏం జరుగుతోందో గమనించడం ఈ ఆటలో విజ్‌డమ్ కిందికే వస్తుంది. పనిలో దిగితే తల ఎత్తని అలవాటు అతనిది. నువ్వు తాళం తీస్తూ ఉంటావు, కాపలావాడు వచ్చి నీ వెనకే నిలబడతాడు, నీకు తెలియదు. అప్పుడు పక్కనున్న ఫైటర్ చూసుకోవాలి, పూజారి లాంటి క్లెరిక్ ఏదో ఒక అబద్ధం చెప్పాలి. అన్నీ వచ్చినవాడి పక్కన కూర్చున్నవాళ్లకి ఏం మిగులుతుంది, ఆవలించడం తప్ప? ఇక ఆ కాలిన జుట్టు వాసన ఉంది చూశావూ, చీకట్లో నువ్వు ఎంత నక్కినా కుక్కలు పసిగడతాయి. రూల్స్ పుస్తకంలో లేదు, నేనే పెట్టుకుంటాను. సిద్ధంగా ఉండు.

నా సంగతి కూడా చెబుతాను, నవ్వుకో. అప్పటికి ముప్పై కథలు అచ్చయి ఉన్నాయి, క్యారెక్టర్లు కట్టడం నాకొకళ్లు నేర్పాలా అనే ధీమా. నా మొదటి రోగ్ ఒంటరివాడు, ఎవరితోనూ సంబంధం లేనివాడు. అందరూ కోటలోకి వెళ్లబోతుంటే "ఇది నా యుద్ధం కాదు" అన్నాను. డైలాగ్ పేలిందనుకున్నాను. వాళ్లు సరేనని లోపలికి వెళ్లిపోయారు. రెండు గంటలు వాళ్లు ఆడారు, నేను వంటింట్లో పకోడీలు వేశాను.

నీ కథలో తల్లి మూడో పేజీలో చనిపోయింది, తండ్రి అయిదులో, గురువు ఏడులో. కుక్కని కూడా వదల్లేదు నువ్వు. చనిపోయినవాళ్లతో నేనేం చేసుకోను? 2014 రూల్స్ పుస్తకంలో క్యారెక్టర్ బ్యాక్‌గ్రౌండుతో పాటు నీ బంధం ఏమిటి, నీ లోపం ఏమిటి అని పట్టికలు ఉండేవి. 2024 పుస్తకంలో అవి తీసేశారు. నాకు నచ్చలేదు, నా టేబుల్ దగ్గర ఆ రెండూ రాయాల్సిందే. ముందు తల్లిని బతికించు. కొడుకు ఇంకా కొమ్ము పనిలోనే ఉన్నాడనుకుంటోంది, నెలనెలా డబ్బులకి ఎదురుచూస్తోంది. ఇక చాలు, మిగతాది నేను చూసుకుంటాను.

భాషల గడి కూడా తోచింది నింపేశావు: అందరూ మాట్లాడే కామన్, ఎల్ఫుల భాష ఎల్విష్. నువ్వు చేయాల్సిన తప్పు కాదిది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రం అయ్యేదాకా మా ఊరు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉండేది. హద్దు మారింది, మా వంటింట్లో మాట మారలేదు. కూరగాయల బేరం ఒడియాలో, చిరాకొస్తే తెలుగులో, లెక్క మాత్రం ఏ మాస్టారి చేతిలో దెబ్బలు తిన్నామో ఆ భాషలో. నీ రోగ్ ఎల్విష్ ఎవరి దగ్గర నేర్చాడు? కొమ్ము దువ్వెనలు కొనడానికొచ్చిన వ్యాపారుల దగ్గరైతే, అంకెలూ తిట్లూ తప్ప ఇంకేమీ రాకూడదు. ఏ ఎల్ఫు రాణి ముందో నిలబడి మాట్లాడాల్సి వస్తే అప్పుడు ఆట రక్తి కడుతుంది.

పద్నాలుగు పేజీలూ దాచుకో, కథగా పనికొస్తాయి. ఆటకి ఒక్క పేజీ చాలు. రేపే బస్సెక్కేయకు, ఆదివారం పొద్దున్నకి వస్తే చాలు, భోజనం ఇక్కడే. షీటంతా పెన్సిల్‌తో రాయి, చెరిపేవి చాలా ఉంటాయి. అతని అమ్మ పేరు మాత్రం పెన్నుతో రాసుకురా.

ఉంటాను,
అన్నయ్య