కార్లు రాని దారి: మేనల్లుడికి మామయ్య ఉత్తరం

చి. సతీష్‌కు,

మామయ్య ఆశీస్సులు. నువ్వు ఫోన్లో చెప్పింది విన్నప్పటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. ముచ్చటపడి రోడ్ బైక్ కొనుక్కున్నావు. బుధవారం సెలవు పెట్టి, యాప్ చూపించిన దారిలో లియోన్ నుంచి బయల్దేరావు. లారీల హోరుకు తట్టుకోలేక ఇరవై కిలోమీటర్లకే వెనక్కి వచ్చేశావు. "ఈ దేశంలో సైకిలంటే ఇంత టెన్షనా మామయ్యా" అన్నావు. కాదు నాన్నా. నీ తొక్కుడులో లోపమేమీ లేదు. దారి ఎంచుకోవడం ఒక్కటే ఇంకా నీకు తెలియదు. ముప్పై ఏళ్లుగా ఫ్రాన్స్‌లోని ఈ బర్గండీ పల్లెల్లో తొక్కుతున్నాను, నాకు తెలిసింది రాస్తాను.

ముందు రెండు మాటలు వేరుచేసి తెలుసుకో. "వ్వా వెర్ట్" అంటే పచ్చని దారి. అందులోకి కార్లు, మోటారు సైకిళ్లు రాకూడదు. నడిచేవాళ్లు, సైకిళ్లు, స్కేటింగ్ చేసేవాళ్లు, కొన్నిచోట్ల గుర్రాల మీద వచ్చేవాళ్లు ఉంటారు. "వెలోరూట్" అలా కాదు. అది బోర్డులు పెట్టిన దూరప్రయాణపు సైకిలు మార్గం. కొంత దూరం పచ్చని దారిలో, కొంత దూరం కార్లు తిరిగే మామూలు రోడ్డు మీద పోతుంది. ఈ తేడా తెలియని రోజుల్లో నేను బోర్డును నమ్మి పోయి, ఆఫీసులు వదిలే వేళకు ఊరి బయట పెద్ద రోడ్డు మీద తేలాను. అందుకే ముందుగా చెబుతున్నాను.

నువ్వు మొదట తొక్కాల్సింది జీవ్రీ నుంచి క్లూనీకి వెళ్లే దారి. ఫ్రాన్స్‌లో మొట్టమొదటి వ్వా వెర్ట్ అదే. 1997లో తెరిచారు, సుమారు 44 కిలోమీటర్లు. పట్టాలు తీసేసిన పాత రైలు మార్గం మీద తారు వేశారు. రైలు నిటారు గుట్టలు ఎక్కలేదు కదా, అందుకని ఆ దారిలో నీకూ నిటారు ఎక్కుడు తగలదు. ఎక్కుతున్నావో దిగుతున్నావో కూడా తెలియనంత మెల్లగా పోతుంది. బ్యూక్సీ, సాన్ జాంగూ, కోర్మాతాన్ దాటుతావు. పాత స్టేషన్లు కొన్ని ఇంకా నిలబడే ఉన్నాయి. పక్కనే డి981 అనే రోడ్డు పోతుంటుంది. యాప్‌లో చూస్తే అదే దగ్గరి దారిలా కనిపిస్తుంది, దాని జోలికి పోకు.

క్లూనీలో 910లో స్థాపించిన మఠం ఉంది. ఎలాగూ చూస్తావు కనుక దాని గురించి రాయను. అక్కడి నుంచి మాకోన్ వైపు దిగేటప్పుడు బ్వా క్లేర్ సొరంగం వస్తుంది. అది కూడా రైలు సొరంగమే, పొడవు 1.6 కిలోమీటర్లు. ఎండాకాలంలో కూడా లోపల చలి వేస్తుంది, జాకెట్ తీసి చేతికి అందేలా పెట్టుకో. గబ్బిలాలు నిద్రపోతాయని చలికాలంలో దాన్ని మూసేస్తారు, అప్పుడు కొండ మీది నుంచి పోవాలి. నాకు చాలా నచ్చిన విషయం ఇది. సొరంగం దాటగానే ద్రాక్షతోటలు, గుట్ట మీద బెర్జే కోట కనిపిస్తాయి. మొదటిసారి చూసినప్పుడు సైకిలు దిగి నిలబడిపోయాను.

అయితే పచ్చని దారి వేగం కోసం కాదు. ఆదివారం మధ్యాహ్నం చిన్నపిల్లలు అడ్డంగా తొక్కుతుంటారు, ముసలివాళ్లు చేతులు పట్టుకుని నడుస్తుంటారు. అక్కడ నువ్వు ముప్పై స్పీడులో దూసుకుపోతే నాకు బాధగా ఉంటుంది. రోడ్డు అడ్డం వచ్చిన ప్రతిచోటా బారికేడ్ ఉంటుంది, ఆగి చూసి పోవాలి. నీ బైక్‌కు తగిన ఆనందం చిన్న పల్లె రోడ్ల మీద ఉంది. కోర్మాతాన్ దగ్గర పచ్చని దారి వదిలి తూర్పుకు తిరిగి, షాపేజ్, బ్రాన్సియోన్ మీదుగా తూర్నూకు వెళ్లి చూడు. షాపేజ్‌లో పాత రాతి చర్చి, బ్రాన్సియోన్‌లో గుట్ట మీద కోట. అక్కడ కొంచెం ఎక్కాలి. తూర్నూలో రైలెక్కి ఇంటికి పోవచ్చు.

ఇలాంటి రోడ్లు ఫ్రాన్స్ అంతటా ఉన్నాయి. ఎందుకంటే ఈ దేశంలో దాదాపు 35,000 కమ్యూన్లు, అంటే మన పంచాయతీల్లాంటివి, ఉన్నాయి. ప్రతి దానికీ తన రోడ్లు తనకున్నాయి. పది ఇళ్లున్న పల్లెకు కూడా తారు రోడ్డు ఉంటుంది. పల్లెల్లో జనం తగ్గారు, రోడ్లు మాత్రం అలాగే ఉన్నాయి. వాటిని పట్టుకోవాలంటే యాప్ కన్నా మిషెలిన్ వాళ్ల కాగితం మ్యాపు మేలు. సెంటీమీటరుకు రెండు కిలోమీటర్లు చూపే షీటు కొనుక్కో. ఎర్ర గీత పెద్ద రోడ్డు, పసుపు దాని తర్వాతిది, తెలుపు చిన్నది. నీది తెలుపు గీత. పక్కనే ఆకుపచ్చ గీత కూడా ఉంటే చూడదగ్గ దారి అని అర్థం.

పేరులో "డి", అంటే జిల్లా రోడ్డు అనే గుర్తు, ఉందని చిన్న రోడ్డు అనుకోవద్దు. పాత జాతీయ రహదారులు చాలావాటిని ప్రభుత్వం 1972లో ఒకసారి, 2006లో ఒకసారి జిల్లాలకు అప్పగించింది. మాకోన్ దగ్గర డి906 ఒకప్పటి ఎన్6 జాతీయ రహదారి. తొమ్మిది వందల నంబర్లు కనిపిస్తే జాగ్రత్తపడు. ఇంకో గుర్తు చెబుతాను. రెండు పట్నాల మధ్య తిన్నగా పోయే రోడ్డు ఎంత సన్నగా ఉన్నా దాని మీద కార్లుంటాయి. ఒక పల్లె నుంచి ఇంకో పల్లెకు వంకరలు తిరుగుతూ పోయేదాన్ని ఎవరూ పట్టించుకోరు.

రోజు, వేళ కూడా చూసుకో. శనివారం రాత్రి పది నుంచి ఆదివారం రాత్రి పది వరకు పెద్ద లారీలు తిరగకూడదని ఇక్కడ నియమం. నువ్వు బుధవారం బదులు ఆదివారం పొద్దున్నే వెళ్లి ఉంటే ఇంత భయపడేవాడివి కాదు. మధ్యాహ్నం పన్నెండు నుంచి రెండు దాకా ఊరంతా భోజనాలకు కూర్చుంటుంది, అప్పుడు రోడ్లు నీవే. కానీ ఆ వేళకు కొట్లు కూడా మూసేస్తారు. పన్నెండు కాకముందే రొట్టె కొని పెట్టుకో. సోమవారం చాలా పల్లెల్లో బేకరీ ఉండదు. నేనైతే పులిహోర డబ్బా పెట్టుకుపోతాను, మధ్యాహ్నం దాకా చెక్కుచెదరదు. నీళ్లు అయిపోతే ఊరి శ్మశానం వెతుకు. తప్పుగా అనుకోకు, మొక్కలకు పోయడానికి అక్కడ కుళాయి ఉంటుంది, ఇక్కడి సైకిలు వాళ్లంతా అక్కడే పట్టుకుంటారు. "నాన్ పోటాబ్ల్" అని రాసి ఉంటే మాత్రం తాగకు. సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వేట కాలం. అడవి పక్కన వేట జరుగుతోందని బోర్డు కనిపిస్తే రంగుల జాకెట్ వేసుకుని రోడ్డు వదలకుండా పో.

ఇప్పుడు చెప్పబోయేది అన్నిటికన్నా ముఖ్యం. మన చెయ్యి ఎడమ వైపుకు అలవాటు పడింది, ఇక్కడ కుడి పక్కన పోవాలి. ట్రాఫిక్ ఉన్న రోడ్డు మీద ఎదుటి కారు నీకు గుర్తుచేస్తుంది. ఖాళీ రోడ్డు మీద గుర్తుచేసేవాడు ఉండడు. నేను వచ్చిన కొత్తలో ఒక చర్చి దగ్గర ఆగి నీళ్లు తాగి, మళ్లీ ఎక్కి, తెలియకుండానే ఎడమ పక్కన తొక్కుతూ పోయాను. మలుపులో రొట్టెల వ్యాను ఎదురొచ్చింది. గడ్డిలోకి దూకి బతికాను. ఆగిన ప్రతిసారీ, ఎక్కేముందు "కుడి" అని పైకి అను. నేను ఇప్పటికీ అంటాను. పల్లెలో బోర్డేమీ లేకపోతే కుడి సందులోంచి వచ్చేవాడిదే ముందు హక్కు, ట్రాక్టరైనా సరే. కారు నిన్ను దాటేటప్పుడు ఊరి బయట మీటరున్నర వదలాలి. నువ్వు మరీ అంచుకు పోతే వాళ్లకు సందు ఇచ్చినట్టవుతుంది, కొంచెం లోపలికే తొక్కు.

కాలవల గురించి అడిగావు. ధవళేశ్వరం నుంచి కాకినాడ వచ్చే కాలవ గట్టు నీకు తెలుసు, లాకులు తెలుసు. ఇక్కడ కూడా పడవలకు తాడు కట్టి లాగిన గట్లే ఇప్పుడు సైకిలు దారులయ్యాయి. మొదటిసారి ఒక లాకు పక్కన సైకిలు ఆపినప్పుడు నాకు మన యానాం గాలి తగిలినట్టే అనిపించింది. కానీ అన్ని గట్లూ సన్న టైర్లకు పనికిరావు. దక్షిణాన పేరున్న కనాల్ దు మిడి అనే కాలవ గట్టు టూలూజ్ నుంచి సుమారు 50 కిలోమీటర్లు నున్నగా ఉండి, తర్వాత మట్టి, చెట్ల వేళ్లు. టూలూజ్ నుంచి పడమరకు పోయే గారోన్ కాలవ గట్టు మాత్రం 193 కిలోమీటర్ల కాలవ పొడవునా చాలావరకు తారే. వచ్చే వేసవికి అది పెట్టుకుందాం. టైర్లు 28 గానీ 32 గానీ మిల్లీమీటర్ల వెడల్పువి వేయించు.

సాన్ తెత్యెన్‌లో వెలోసియో అని ఒకాయన ఉండేవాడు, 1930లో పోయాడు. ఈ దేశపు సైకిలు యాత్రికులకు గురువు. ఆకలి వేయకముందే తిను, దాహం వేయకముందే తాగు అన్నాడు. పంతం కోసం ఎప్పుడూ తొక్కవద్దని కూడా అన్నాడు. నీ వయసులో ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

వచ్చే ఆదివారం పొద్దున షాలోన్ వచ్చే టీఈఆర్, అంటే ప్రాంతీయ రైలు, ఎక్కు. సైకిళ్లకు కొక్కేలు తక్కువ, పది నిమిషాలు ముందే ప్లాట్‌ఫారం మీద ఉండు. షాలోన్‌లో దిగి జీవ్రీకి తొక్కుకుంటూ రా, అక్కడ పాత స్టేషన్ దగ్గర నిలబడి ఉంటాను. ముందు, వెనక లైట్లు, బెల్, ఒక ట్యూబు మర్చిపోకు. పులిహోర నేను తెస్తాను.

మీ మామయ్య