డాక్టర్ సలహా: విటమిన్ల కన్నా ముందు ఆ నిద్రమాత్ర సంగతి

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. స్టాఫ్ నర్సును. 2020, 2021లలో కోవిడ్ ఐసీయూలో పనిచేశాను. ఇప్పటికీ మానిటర్ అలారం మోగితే గుండె దడదడలాడుతుంది. డ్యూటీకి బయలుదేరాలంటే ఏడుపొస్తుంది. రోగులు పిలిచినా విసుగే. ఏడాదిగా రాత్రిపూట అల్‌ప్రజోలం వేసుకుంటున్నాను. ఈ మధ్య ఒకటి చాలక రెండు వేసుకుంటున్నాను. నీరసం తగ్గడానికి మంచి విటమిన్ మాత్రలు చెప్పండి.
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: అమ్మా, ‘ఒకటి చాలక రెండు’ అన్నారే, నన్ను కంగారుపెట్టింది ఆ మాట. అల్‌ప్రజోలం షెడ్యూల్ హెచ్‌1 మందు. చీటీ లేకుండా అమ్మకూడదని మీకు తెలియనిది కాదు. ఎవరు రాశారో మీరు చెప్పలేదు. రోజూ చేతుల మీదుగా వెళ్లే మందు కాబట్టి ఆసుపత్రుల్లో పనిచేసే మనకే దానిపట్ల భయం తక్కువ. ఒక రోగి ఇలా సొంతంగా మోతాదు పెంచుకుంటే మీరే మందలించేవారు కదా! అలాగని ఇది చదివి ఈ రాత్రే మానేయకండి. నెలల తరబడి వాడి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ రావచ్చు. సైకియాట్రిస్టు పర్యవేక్షణలో కొద్దికొద్దిగా తగ్గించాలి. ఈలోగా మద్యం, ట్రమడాల్ అనే నొప్పి మందు, కొడీన్ ఉన్న దగ్గు మందులు దీంతో కలవకూడదు. ఊపిరి మందగించే ప్రమాదం ఉంది.

పని ఒత్తిడి వల్ల వచ్చే అలసట, పనిపై విరక్తి, ఏం చేసినా ఫలితం లేదనిపించడం – ఈ మూడూ కలిస్తే బర్నవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని జబ్బుగా కాక, పనిచేసే చోట పుట్టే సమస్యగా గుర్తించింది. కాబట్టి ఆ విసుగు మీ గుణం కాదు. పీపీఈ కిట్ మీద మార్కరుతో పేరు రాసుకుని, డ్యూటీ దిగేదాకా మంచినీళ్లు కూడా తాగకుండా, ఊపిరాడని మనిషి ముందు ఫోను పట్టుకుని ఇంటివాళ్లను చూపించిన నర్సులను నేను చూశాను. అదంతా మనసులో ఎక్కడికి పోతుంది?

అయితే అలారానికి దడ రావడం బర్నవుట్ ఒక్కటే కాకపోవచ్చు. డిప్రెషన్, పీటీఎస్‌డీ (భయానక అనుభవాల తర్వాత మనసును వెంటాడే జబ్బు) ఉన్నాయేమో చూడాలి. మిమ్మల్ని పరీక్షించకుండా నేను తేల్చి చెప్పలేను. హిమోగ్లోబిన్, థైరాయిడ్, బి12, షుగర్ పరీక్షలు చేయించండి. లోపం తేలితేనే మాత్రలు. బతకాలనిపించని ఆలోచనలు వస్తుంటే మాత్రం ఒక్క రోజు కూడా ఆగవద్దు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇప్పటికే చాలా ఆలస్యం చేశారు. ఈ వారమే సెలవు పెట్టి సైకియాట్రిస్టును కలవండి. మాత్రల స్ట్రిప్పు వెంట తీసుకెళ్లి, ఎన్ని వేసుకుంటున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి.