విమానం కొనాలా, గంటలు కొనాలా?

ప్రశ్న: మాది కూకట్‌పల్లి. ప్రైవేటు ఉద్యోగిని, వయసు 50. నెలకు 1.10 లక్షలు చేతికి వస్తాయి. అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసింది, పైలట్ అవుతానంటోంది. ఫ్లయింగ్ స్కూల్ వాళ్లు 52 లక్షలు చెప్పారు. అంత కట్టే బదులు ఐదు కుటుంబాలు కలిసి సెకండ్ హ్యాండ్ సెస్నా 152 విమానం కొంటే పిల్లలందరికీ లైసెన్సుకు ఎగరాల్సిన గంటలు పూర్తవుతాయి, ఆ తర్వాత అమ్మేయవచ్చని మిత్రుడు అంటున్నారు. నాకు ఎఫ్‌డీలు 22 లక్షలు, పీఎఫ్ 19 లక్షలు ఉన్నాయి. 2015లో 8 లక్షలకు కొన్న షాద్‌నగర్ ప్లాటు ఇప్పుడు 30 లక్షలు పలుకుతోంది. ఏం చేయమంటారు?

జవాబు: విమానం మాత్రం కొనకండి. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు మన దగ్గర 200 గంటలు ఎగరాలి. అందులో 100 గంటలు పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే విమానం బాధ్యత తనదిగా, ఉండాలి. ఈ శిక్షణ విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలోనే జరగాలి. ఐదుగురు కలిసి విమానం కొన్నంత మాత్రాన అది స్కూలు అయిపోదు. ఇన్‌స్ట్రక్టర్, మెయింటెనెన్స్ ఇంజినీరు, హ్యాంగర్, ఇన్సూరెన్స్ అన్నీ మీ నెత్తిన పడతాయి.

లెక్క కూడా చూద్దాం. ఐదుగురు పిల్లలకు 1,000 గంటలు. సెస్నా 152 తయారీ 1985లోనే ఆగిపోయింది కాబట్టి మీరు కొనేది నలభై ఏళ్లు దాటిన విమానం. ప్రతి 100 గంటలకు ఇన్‌స్పెక్షన్ అంటే పది సార్లు ఆపాలి. దాని ఇంజిన్‌కు రెండు వేల గంటలు దాటాక ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) తప్పదు. ఇప్పటికే సగం గంటలు అయిపోయిన ఇంజిన్ మీ చేతికొస్తే ఆ ఖర్చు మీ పిల్లల వంతుకే రావచ్చు. విడిభాగం విదేశం నుంచి రావాల్సి వస్తే ఐదుగురి చదువూ ఒకేసారి ఆగుతుంది, హ్యాంగర్ అద్దె మాత్రం ఆగదు. చివర్లో అమ్మితే ఎంత వస్తుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

స్కూల్లో ఏ విమానం మీద నేర్పుతారన్నది మాత్రం తప్పకుండా అడగండి. రెండు సీట్ల 152 గంటకు సుమారు 23 లీటర్ల ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) తాగుతుంది. నాలుగు సీట్ల సెస్నా 172కు 32 నుంచి 35 లీటర్లు కావాలి. 200 గంటల్లో తేడా సుమారు రెండు వేల లీటర్లు. ఎగిరిన గంటలు రాసుకునే లాగ్‌బుక్‌లో మాత్రం రెండింటి గంటకూ విలువ ఒకటే. అలాగని 152 అన్నివేళలా లాభం కాదు. దానిది 110 హార్స్‌పవర్ ఇంజిన్. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి 530 మీటర్ల ఎత్తున ఉంది. మే నెల మధ్యాహ్నం వేడికి పలుచబడిన గాలి, ట్యాంకు నిండా ఇంధనం, పక్కన భారీ మనిషి అయిన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే ఆ చిన్న విమానం పైకి లేవడానికి ఆయాసపడుతుంది. తొలి గంటలు 152 మీద, క్రాస్ కంట్రీ (ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎగరడం) 172 మీద చేయించే స్కూలు దొరికితే మంచిదే. డీజిల్ ఇంజిన్ డైమండ్ డీఏ40 జెట్ ఇంధనంతోనే నడుస్తుంది, ఏవ్‌గ్యాస్ అక్కర్లేదు, అందుకే కొన్ని స్కూళ్లు దాన్ని ఇష్టపడతాయి.

నా దృష్టిలో విమానం మోడల్ కన్నా అది రోజూ ఎగురుతోందా అన్నదే ముఖ్యం. ఫీజు చౌకని చేర్పిస్తే, విమానాలు మూలన పడి, ఏడాదిన్నరలో అయ్యే కోర్సు మూడేళ్లు సాగుతుంది. హాస్టల్ ఖర్చు, లోన్ వడ్డీ, ఉద్యోగం ఆలస్యం అన్నీ మీ ఖాతాలోనే. పని రోజున ఉదయం ఆరున్నరకు వెళ్లి నిలబడండి. ఎన్ని విమానాలు బయటికొచ్చాయి, ఎన్ని హ్యాంగర్‌లో కౌలింగ్ (ఇంజిన్ మూత) విప్పి ఉన్నాయి, ఎంతమంది పిల్లలు బోర్డు ముందు ఎదురు చూస్తున్నారో లెక్కపెట్టండి. గత నెలలో ఒక్కో విద్యార్థి సగటున ఎన్ని గంటలు ఎగిరాడో అడగండి. జవాబు దాటవేస్తే అక్కడ డబ్బు కట్టకండి. ఫీజు మొత్తం ముందే కట్టమంటే అసలు ఒప్పుకోవద్దు. ఎగిరిన గంటల ప్రకారం వాయిదాలు, మధ్యలో మానేస్తే రీఫండ్ ఎంత అన్నది కాగితం మీద ఉండాలి.

ఇక డబ్బు సంగతి. మొట్టమొదట పైలట్లకు చేసే మెడికల్ పరీక్ష చేయించండి. క్లాస్ 2 తర్వాత క్లాస్ 1 కూడా వచ్చేదాకా స్కూలుకు అడ్వాన్సు ఇవ్వొద్దు, ప్లాటు అమ్మొద్దు. అది పాసైతే ప్లాటు అమ్మండి. లాభం మీద పన్ను సుమారు 2.9 లక్షలు పోగా 27 లక్షలు మిగులుతాయి. ఎఫ్‌డీల నుంచి 10 లక్షలు తీయండి. మిగతా 15 లక్షలకు విద్యారుణం తీసుకోండి. 11 శాతం వడ్డీతో పదేళ్లకు ఈఎంఐ దాదాపు 20,700 అవుతుంది, మీ జీతం మీద మోయగలరు. అదే 40 లక్షలు లోన్ తీసుకుంటే 55 వేలు దాటుతుంది, అంటే సగం జీతం దానికే. అంత సాహసం వద్దు.

మిగిలిన 12 లక్షల ఎఫ్‌డీని ఫీజుకు కలపకండి. లైసెన్సు వచ్చాక ఎయిర్‌బస్ ఏ320 లాంటి విమానానికి టైప్ రేటింగ్ (ఆ రకం విమానం నడిపే ప్రత్యేక అర్హత) కావాలి, దానికి మళ్లీ లక్షల్లో ఖర్చు. చాలామంది తల్లిదండ్రులు లైసెన్సుతో ఖర్చు అయిపోయిందనుకొని ఇక్కడే ఇరుక్కుపోతారు. ఉద్యోగం వెంటనే రాకపోతే ఈఎంఐలు కూడా ఈ డబ్బులోంచే కట్టాలి. పీఎఫ్ జోలికి వెళ్లొద్దు, మీ రిటైర్మెంటుకు ఇంకెన్నో ఏళ్లు లేవు.

రుణాన్ని అమ్మాయి పేరు మీదే, మీరు సహ దరఖాస్తుదారుగా తీసుకోండి. పాత పన్ను విధానంలో విద్యారుణం వడ్డీ మొత్తానికి, కట్టడం మొదలైన ఏడాది నుంచి ఎనిమిదేళ్ల వరకు మినహాయింపు ఉంది. మీరే కట్టినన్నాళ్లు మీరు, తను సంపాదించడం మొదలుపెట్టాక తను దాన్ని వాడుకోవచ్చు.