కారులో కొత్త సెట్టు బిగించబోతున్న మేనల్లుడికి

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ వ్యాగనార్‌కు పాటలూ దారీ రెండూ చూపించే 9 అంగుళాల సెట్టు తెప్పించావనీ, ఈ ఆదివారం ఎవరి సాయమూ లేకుండా నువ్వే బిగిస్తానంటున్నావనీ నిన్న రాత్రి అక్కయ్య ఫోనులో చెప్పింది. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు కార్ల వైరింగు చేసి బతికినవాణ్ణి. మన ఇంట్లో ఇంకొకరు టెస్టరు పట్టుకుంటున్నారని వినగానే పొంగిపోయాను. ఆ తరువాత మాత్రం నిద్ర పట్టలేదు.

ముందుగా 10 నంబరు స్పానరుతో బ్యాటరీ మైనస్ టెర్మినల్ విప్పు. స్టీరింగు కింద కనిపించే పసుపు కనెక్టర్లు ఎయిర్‌బ్యాగువి, వాటి జోలికి పోకు. కారు వైర్లనూ సెట్టు వైర్లనూ కలిపే కప్లరు నీ మోడలుకు సరిపోయేది బజారులో దొరుకుతుంది కనుక కంపెనీ వైరు ఒక్కటి కూడా కత్తిరించవద్దు. ఇరవై వేల కిలోమీటర్ల పైనున్న ఉపగ్రహాల నుంచి వచ్చే సంకేతం చాలా బలహీనంగా ఉంటుంది కాబట్టి, జీపీఎస్ యాంటెనాను రేకు చాటున కాక ముందు అద్దం దగ్గర ఆకాశం కనబడేలా అంటించు. అతుకులకు ఇన్సులేషన్ టేపు చుట్టి ఊరుకోకు; మన ఎండలకు దాని జిగురు కరిగి జారిపోతుంది. టంకం పెట్టి స్లీవ్ తొడుగు.

ఇక పసుపు వైరు సంగతి. సెట్టు వెనకనుంచి వచ్చే ఆ వైరుకు బండి ఆగి ఉన్నా కరెంటు ఉంటుంది, ఎర్ర వైరుకు తాళం తిప్పితేనే వస్తుంది. రెండూ తారుమారైతే తాళం తీసిన ప్రతిసారీ సెట్టు స్టేషన్లన్నీ మరచిపోతుంది; అది చికాకే తప్ప ప్రమాదం కాదు. యాంప్లిఫయరు కూడా పెడదామని బుద్ధి పుట్టి, బ్యాటరీ నుంచి విడిగా వైరు లాగితేనే ప్రమాదం.

నేనలా లాగాను. అప్పుడు నాకు నీ వయసే. తిరుపతి వెళ్లే ఒక అంబాసిడర్‌కు తెల్లవారేలోగా క్యాసెట్ ప్లేయరు పెట్టాలన్నారు. ఇంజనుకూ లోపలికీ మధ్యనుండే రేకుకు కన్నం చేశాను గాని, అందులో తొడగవలసిన గ్రోమెట్ అనే రబ్బరు కడియం నా దగ్గర లేదు, కొట్లు కట్టేశారు. ఫ్యూజు కూడా తిరిగొచ్చాక పెడదాంలే అనుకున్నాను. ఆ రేకు అంచు బ్లేడులా ఉంటుంది. బండి కుదుపులకు వైరు దానికి రాసుకుని రాసుకుని, ఒంగోలు దాటాక పైతొడుగు తెగి లోపలి రాగి తీగ ఆ రేకుకు తగిలింది. మధ్యలో ఫ్యూజు లేదు కదా, ఆపేవారెవరు? డాష్‌బోర్డు కిందనుంచి పొగ. వెనక సీటులో ఇద్దరు పిల్లలు. డ్రైవరు బండి ఆపి టెర్మినల్‌ను చేత్తోనే పీకేశాడు, అరచెయ్యి కాలింది. వారం తరువాత ఆ కారు యజమాని వచ్చి ఒక్క మాటైనా అనకుండా జానెడు నల్లటి వైరును నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. తిట్టి ఉంటే ఎప్పుడో మరచిపోయేవాణ్ణి. అది ఇప్పటికీ నా పనిముట్ల పెట్టెలోనే ఉంది.

అందుకే, రేకులోంచి వైరు పోతే గ్రోమెట్ లేకుండా పోకూడదు, బ్యాటరీ నుంచి జానెడులోపే ఫ్యూజు ఉండాలి. వీడియోలు చూశాను మామయ్యా అని నవ్వకు. కాలిన వాసన వీడియోలో రాదు. చిన్నప్పుడు నా కొట్లో నా తొడ మీద కూర్చుని టెస్ట్ ల్యాంపు వెలిగించి చప్పట్లు కొట్టినవాడివి, రేపు ఆ కారులో నీ కూతుర్ని కూర్చోబెడతావు. అదే నా భయం.

అక్కయ్య చేతికి ఫ్యూజుల డబ్బీ ఇచ్చి పంపుతున్నాను. సెట్టు వెనక ఏ ఫ్యూజు ఉందో చూసి అదే వెయ్యి; 10 ఆంపియర్లది ఎరుపు, 15ది నీలం. అది మాటిమాటికీ పోతుంటే తప్పు వైరింగులోనే ఉంటుంది. 20 ఆంపియర్ల పసుపువన్నీ ఏరి తీసేశాను. పెద్ద ఫ్యూజు పోకుండా నిలబడితే కాలేది వైరే; అయినా చేతికందితే పెట్టాలనిపిస్తుంది, నాకు తెలుసు.

మామయ్య